నలభై మాటల కాగితం

ఫోన్ తెరలమీద కనపడే మాటల్ని తెలుగులోకి మార్చడం నా ఉద్యోగం. మూడేళ్ల కిందట సంక్రాంతికి రేపల్లె వెళ్లినప్పుడు నా సంచిలో ఒక కాగితం ఉంది. అందులో నలభై మాటలు. లాగిన్, పాస్‌వర్డ్, బ్రౌజర్, లింక్, డౌన్‌లోడ్, ఫైల్, సర్వర్, అన్నీ ఇలాంటివే. వాటికి తెలుగు ఖాయం చేసి పండగ వెళ్లగానే పంపాలి.

మా బాబాయి ఇరవై ఏళ్లుగా అక్కడ నెట్ సెంటర్ నడుపుతున్నాడు. హాల్ టికెట్లు, పాన్ కార్డులు, అడంగల్, 1బి, ఈసీ, లామినేషన్, జిరాక్స్. కంప్యూటర్ జోలికి పోనివాళ్లందరికీ ఆయన వేళ్లే వేళ్లు. కనుమ మర్నాడు షాపు తెరిచాడు. జనం పల్చగా ఉన్నారు. కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. ఆ పూట మా ఇద్దరికీ జరిగిన వాదమే ఇది.

బాబాయి: విహరిణి అంటే ఏంటమ్మా?

నేను: బ్రౌజర్.

బాబాయి: సంకేతపదం అంటే పాస్‌వర్డ్ అని నేనే కనుక్కున్నాలే. దింపుకోలు?

నేను: డౌన్‌లోడ్.

బాబాయి: మరి ఈ సేవకయంత్రం?

నేను: సర్వర్.

బాబాయి: చూడమ్మాయ్, పొద్దున్నించీ రాత్రిదాకా ఈ కుర్చీలోనే ఉంటాను. ఎనభై ఏళ్ల ముసలాయన వస్తాడు. వేలిముద్రే తప్ప సంతకం రాదు. "సర్వర్ పనిచేస్తోందా అబ్బాయ్, రేపు రమ్మంటావా?" అంటాడు. ఆ మాట ఆయనకి ఎవరు నేర్పారు? కాఫీ హోటలు నేర్పింది. హోటల్లో సర్వర్ ఏం చేస్తాడు? మనం అడిగింది లోపలినుంచి తెచ్చిపెడతాడు. వందమంది ఒక్కసారి మీద పడితే అందుకోలేక ఎక్కడివాళ్లని అక్కడే కూర్చోబెడతాడు. కంప్యూటర్ సర్వరూ అంతే కదా. ముసలాయనకి అర్థమైన మాట తీసేసి అర్థం కానిది పెట్టడానికా నీకు జీతం?

నేను: సర్వర్ విషయంలో నువ్వన్నది నిజం. ఇదుగో, కొట్టేశాను. అయితే ఆ మాట ఎందుకు పనికొచ్చిందో అది కూడా చూడు. ఆయనకి ముందే తెలిసిన మాట కాబట్టి. ఇంగ్లీషువాళ్లకి ఈ నలభై మాటలూ అలాంటివే బాబాయ్. 1964లో కాలిఫోర్నియాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం ఒక చిన్న చెక్కపెట్టెకి రెండు చక్రాలు బిగించి, తీగ తగిలించింది. తోకతో ఎలుకలా కనపడింది, మౌస్ అన్నారు. బ్రౌజ్ అంటే మేకలు చిగుళ్లు కొరుక్కుంటూ పోవడం. ఫైల్ అన్న మాట లాటిన్‌లో దారానికున్న పేరునుంచి వచ్చింది, కాగితాలు దారానికి గుచ్చేవాళ్లు కాబట్టి. నెట్ అంటే వల. వెబ్ అంటే సాలెగూడు. కంప్యూటర్ అంటే అసలు యంత్రమే కాదు, మొదట్లో కూర్చుని లెక్కలు కట్టే మనిషిని ఆ పేరుతో పిలిచేవాళ్లు. వాళ్ల పిల్లాడు ఇంట్లో మాటలతోనే యంత్రం దగ్గరికి వెళ్తాడు. మన పిల్లాడికి రెండే దారులు చూపిస్తున్నాం. అర్థం తెలియని చప్పుడు బట్టీ పట్టడం ఒకటి, విహరిణి లాంటి గ్రంథపు మాట ఇంకొకటి. కిటికీని గవాక్షం అనకుండా కిటికీ అనే మూడో దారి కావాలంటున్నాను.

బాబాయి: విండో క్లోజ్ చెయ్యమంటే నా దగ్గర నేర్చుకునే అమ్మాయి వెళ్లి మూల ఇంటూ గుర్తు నొక్కుతుంది. కిటికీ వెయ్యమంటే లేచి గోడ దగ్గరికి వెళ్తుంది. ఆ పిల్లకి రేపు గుంటూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం రావాలి. అక్కడ ఫోల్డర్ ఏదంటే తెల్లమొహం వెయ్యకూడదు. ఈ ప్రింటర్ బాగుచెయ్యడానికి వచ్చే కుర్రాడిది ఒడిశా. నాకు ఒడియా రాదు, వాడికి తెలుగు రాదు. డ్రైవర్, కేబుల్, పోర్ట్, ఈ మూడు మాటలతో పని అయిపోతుంది. నువ్వు తెలుగు చేశావు, వాడు ఒడియా చేశాడు, ప్రింటర్ అలాగే పడి ఉంటుంది.

నేను: సరే, పనివాళ్ల మాటలు పనివాళ్లకి ఉండనీ. నేను రాసేది పనివాళ్ల కోసం కాదు.

బాబాయి: ఇంకోటి విను. ఫైలుకి దస్త్రం అని రాశావు. అది మాత్రం మన ముత్తాతదా? నవాబుల కాలపు కచేరీల్లోంచి వచ్చిందే. దరఖాస్తు, రసీదు, జిల్లా, తహసీల్దారు, అన్నీ ఆ బండెక్కి వచ్చినవే. చొక్కాకి ఉండే బొత్తాం పోర్చుగీసువాళ్లది. రైలుకి ధూమశకటం అన్నారు, పొగబండి అన్నారు. పొగ పోయింది, బండీ పోయింది, రైలు మిగిలింది. తెలుగు నోట్లో పడితే ఏ మాటైనా చివర అచ్చు తగిలించుకుని మనదైపోతుంది. బస్సు, ఫోను, లింకు. ఫైలుకి బహువచనం ఏంటో చెప్పు.

నేను: ఫైళ్లు.

బాబాయి: కాలు కాళ్లు, వేలు వేళ్లు, ఫైలు ఫైళ్లు. ఏ మాస్టారూ చెప్పలేదు, ఏ కమిటీ తీర్మానించలేదు. నోరే చేసుకుంది. ఇంక అది పరాయి మాట ఎట్లా అవుతుందే?

ఇరవై ఏళ్ల షాపు చెప్పిన వ్యాకరణం అది. దస్త్రం మీద కూడా గీత పెట్టేశాను. కానీ ఆయన చెయ్యి లంకె మీదికి పోతుంటే కాగితం వెనక్కి లాక్కున్నాను.

నేను: ఇది వదలను. లంకెబిందెలు తెలియని తెలుగువాళ్లు ఉన్నారా? ఒక బిందె దొరికితే దానికి తగులుకుని రెండోది వస్తుంది. లింక్ చేసే పని సరిగ్గా అదే. ఒకచోట పట్టుకుంటే ఇంకోచోటికి లాక్కెళ్తుంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అక్కడ రాసేవాళ్లు లింకుని లంకె అంటారు, యూజర్‌ని వాడుకరి అంటారు, అందరూ కూడి మాట్లాడుకునే పేజీకి రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు. జీతం లేని మనుషులు రోజూ వాడి నున్నగా చేసిన మాటలివి. విహరిణిని దీంతో కలిపి కొట్టెయ్యకు.

బాబాయి: రాసేవాళ్లు అంటారమ్మా. నా గుమ్మం ఎక్కేవాళ్లు అనరు.

నేను: అనరా? మెమరీ కార్డుల రోజుల్లో ఈ గుమ్మానికి ఒక అట్ట వేలాడుతుండేది. దానిమీద నీ చేత్తో ఏం రాశావు?

బాబాయి: పాటలు ఎక్కించబడును.

నేను: కాపీ చేయబడును అని రాయలేదేం?

బాబాయి: అందరూ ఎక్కించమనే అడిగేవాళ్లు.

నేను: మరి! బస్తాలు లారీకి ఎక్కించినట్టు పాటలు కార్డుకి ఎక్కించారు. ఎవరూ నిఘంటువు చూడలేదు. బ్యాంకుకి ఫోన్ చేస్తే "తెలుగు కోసం ఒకటి నొక్కండి" అంటుంది. నొక్కండి అన్నది ఎవరికైనా ఎబ్బెట్టుగా ఉందా? నీ ముసలాయన సర్వర్ అన్నాడు సరే, పక్కన ఏమన్నాడు? పనిచేస్తోందా అన్నాడు. నెట్ రావట్లేదు, చార్జింగ్ పెట్టు, రీచార్జ్ వేయించు, స్కాన్ కొట్టు. వస్తువు పేరు ఎక్కడినుంచి వచ్చినా, పని మాత్రం తెలుగులోనే జరుగుతోంది. ఇంకోటి. బ్రౌజర్ నెమ్మదిగా ఉందని ఒకాయన అంటే మొన్న నువ్వు క్యాష్ క్లియర్ చెయ్యాలన్నావు. ఆయన మొహం చూశావా?

బాబాయి: చూశాను. "నా డబ్బులు పోతాయా?" అన్నాడు.

నేను: ఆ క్యాష్ వేరు, ఈ క్యాష్ వేరు. ఇంగ్లీషులో స్పెల్లింగులు వేరు కాబట్టి కంటికి తెలుస్తుంది. మన లిపిలోకి వచ్చేసరికి రెండూ ఒకటే. పాత పేజీల తాలూకు చెత్త తీసేస్తాను అని ఉంటే ఆయన గుండె ఆగేది కాదు.

బాబాయి: చెత్త అన్నదే బాగుంది. అది రాసుకో.

ఇంతలో పక్క ఊరినుంచి ఒకామె వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. కొడుకు కొనిచ్చిన ఫోను కొంగులో చుట్టుకుని తెచ్చింది. పొద్దున ఎవరో ఫోన్ చేసి, గేదెల లోను తాలూకు సబ్సిడీ పడుతుంది, తెరమీద వచ్చినదానికి ఒప్పుకుని పిన్ కొట్టమన్నాడట. కొట్టింది. పడ్డాయో లేదో చూసిపెట్టమంటోంది. బాబాయి ఫోన్ తీసుకుని చూశాడు. ఏమీ అనకుండా నా చేతికిచ్చాడు.

తెరమీద ఉన్నది తెలుగే. "మీ చెల్లింపు అభ్యర్థన విజయవంతంగా ఆమోదించబడింది." కింద రూ. 4,000. ఆమె ఖాతాలో పడలేదు, ఆమె ఖాతాలోంచి పోయాయి.

బాబాయి వెంటనే సైబర్ మోసాలకు ఉన్న 1930 నంబరుకి కలిపి, ఆమెచేత వివరాలన్నీ చెప్పించాడు. తర్వాత బ్యాంకుకి. అరగంట పట్టింది. ఆమె బల్లమీద కూర్చుని, "వచ్చాయనే రాసి ఉంది కదమ్మా" అని నన్ను రెండుసార్లు అడిగింది. ఆ వాక్యం నేను రాసింది కాదు. కానీ అచ్చం అలాంటివి కొన్ని వందలు ఈ చేత్తో రాశాను. ఆమె ముందు ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

బాబాయి: పైకి చదువమ్మా ఆ వాక్యం. డబ్బు ఎటునుంచి ఎటు పోతోందో అందులో ఎక్కడుందో చూపించు.

నేను: లేదు.

బాబాయి: ఈమె పదో తరగతి చదివింది. అదే ఇంగ్లీషులో ఉంటే భయపడి, ఏదీ నొక్కకుండా నా దగ్గరికి వచ్చేది. తెలుగులో ఉంది కాబట్టి నమ్మింది.

నేను ఇన్నేళ్లలో విన్న మాటలన్నిటిలోకీ పదునైనది అదే. ఆ రోజు నుంచీ ఏ వాక్యం రాసినా అది చెవిలో వినపడుతూనే ఉంది.

నేను: నిజం బాబాయ్. తెలుగు చూసి నమ్మింది. కానీ నీ పద్ధతిలో పేమెంట్ రిక్వెస్ట్ అప్రూవ్ అయింది అని తెలుగు అక్షరాల్లో రాస్తే తెలిసేదా? రిక్వెస్ట్ ఎవరిది, అప్రూవ్ చేసింది ఎవరు? నీ మాటలు పేర్చినా మోసం అంతే. ఇక్కడ చెడింది మాట కాదు, వాక్యం. ఇలా ఎందుకు రాస్తామో చెప్పనా? నాకు తెర చూపించరు. ఒక పట్టిక పంపిస్తారు. గడికొక ముక్క. ముందేముందో వెనకేముందో తెలియదు. మనిషి పేరు రావాల్సినచోట ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలోకి రాముడొస్తాడో సీత వస్తుందో తెలియదు. ఇంగ్లీషులో ఎవరొచ్చినా క్రియ మారదు. మనకి పంపాడా, పంపిందా తేలాలి. తేలదు కాబట్టి, కర్తని తీసేసి పంపబడింది అని రాసి తప్పించుకుంటాం. నాలుగుసార్లు తప్పించుకుంటే అదే అలవాటు. తెలుగువాడు నోటితో ఎప్పుడూ అనని ఆ "బడింది" ఫోన్లనిండా అలా వచ్చి చేరింది.

బాబాయి: పంపారు అనొచ్చుగా? రాముడైనా సీతైనా పంపారే. మీద కాస్త మర్యాద కూడాను.

నేను: అనొచ్చు. అదే అనాలి. పని తొందరలో అంత దూరం ఆలోచించలేదు, అది నా తప్పే. ఇంకో ఇరుకు కూడా ఉంది. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్ ఒక్కోదానిలో 160 అక్షరాలు పడతాయి. తెలుగులో రాస్తే 70కే నిండిపోతుంది. ఆ 70 కూడా మనం లెక్కపెట్టినట్టు కాదు. ఒత్తూ గుణింతమూ పొల్లూ దేనికది విడిగా లెక్క. స్క్రీన్ అన్నది కంటికి రెండక్షరాలు, యంత్రానికి ఎనిమిది. తెర అంటే మూడు. డౌన్‌లోడ్ తొమ్మిది, అందులో ఒకటి కంటికి కనపడనిది. న కింద ల ఒత్తు పడకుండా మధ్యలో అడ్డం పెట్టేది. దించు అంటే అయిదు. పొట్టిగా ఉంటుందని నువ్వు మెచ్చుకునే ఇంగ్లీషు మాట మన లిపిలోకి వచ్చేసరికి పొడుగైపోతోంది.

బాబాయి: ఆ లెక్క నాకు తెలియదు సుమా. మరి పాస్‌వర్డ్?

నేను: పది. సంకేతపదం ఎనిమిది.

బాబాయి: ఎనిమిదైనా ఆ మాట ఎవరూ అనరు. రెండు అక్షరాలు ఎక్కువ పడితే పడనీ.

నేను: సరే, పాస్‌వర్డ్ నీకిచ్చేశాను. విహరిణి కూడా. లంకె నాది.

బాబాయి: లింకు.

నేను: లంకె. అది తర్వాత తేల్చుకుందాం. ముందు ఈ వాక్యం చూడు. "ఫలానావారు మీ దగ్గర రూ. 4,000 అడుగుతున్నారు. పిన్ కొడితే మీ డబ్బు పోతుంది."

బాబాయి: పోతుంది అన్నది ముందుండాలి. ఫోన్లో రెండో వాక్యం చదివేవాడు నూటికి ఒక్కడు.

నేను: "పిన్ కొడితే మీ డబ్బు పోతుంది." దీన్నే పైన పెడతాను.

బాబాయి: 70లో పడుతుందా?

వేళ్లమీద లెక్కపెట్టాను. చివరి చుక్క కాక, ఖాళీలతో కలిపి 28. ఆమె ఫోన్లో ఉన్న వాక్యాన్ని కూడా లెక్కపెట్టాను. 46. ఇరుకు అన్నది నేను చెప్పుకున్న సాకే తప్ప కారణం కాదని నా కాగితమే చూపించింది.

బాబాయి: పోతుంది అంటే మీ కంపెనీవాళ్లు ఒప్పుకుంటారా? భయపెట్టినట్టుందంటారేమో.

నేను: అంటారు. చెల్లింపు అనమంటారు. చెల్లింపు అన్నది డబ్బు తీసుకునేవాడివైపు నిలబడి చెప్పే మాట. ఇచ్చేవాళ్ల ఇంట్లో దాన్ని డబ్బు పోవడం అనే అంటారు. పాత చిట్టా పుస్తకాల్లో రెండే కాలమ్‌లు, జమ ఒకటి, ఖర్చు ఒకటి. అక్షరం కూడబలుక్కునే ముసలమ్మలు కూడా ఏది ఎటో చెప్పేవాళ్లు. పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, రావడానికి ఎప్పుడూ అక్కర్లేదు. ఆ ఒక్క సంగతి తెర చెప్పాలి. విజయవంతంగా అన్న మాట అక్కడ ఎందుకు? ఎవరి విజయం అది?

ఆ మాట గట్టిగానే అన్నాననుకుంటాను. బల్లమీద కూర్చున్నామె లేచి మా దగ్గరికి వచ్చింది. కాగితం తనవైపు తిప్పుకుని, వేలు పెట్టి చదివింది. ఆమె చదువుతున్నంతసేపూ బాబాయీ నేనూ మాట్లాడలేదు.

"అడుగుతున్నారు అనొద్దమ్మా" అంది. "అడగడమంటే బదులు అడగడం అనుకుంటాం. ఇవ్వడం మానడం మన ఇష్టం అనుకుంటాం. వాడు అడగలేదు, తీసేసుకున్నాడు. తీసుకుంటారు అని రాయి."

అడుగుతున్నారు కొట్టేసి తీసుకుంటారు అని రాశాను. ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్నాను, నా తెలుగుని తెర చదివే మనిషి దిద్దడం అదే మొదటిసారి.

బాబాయి: ఇప్పుడు సరిపోయిందామ్మా?

ఆమె ఇంకా కాగితం వదల్లేదు. "వద్దనడానికి ఏం నొక్కాలి?" అంది.

ఆమె ఫోన్ మళ్లీ తీసి, ఆ యాప్‌లో అలాంటి తెర ఎలా ఉంటుందో వెతికి చూశాం. కింద తెరంతా అడ్డంగా ఆకుపచ్చ బొత్తాం, దానిమీద "కొనసాగించండి". పైన ఎడమ మూల బియ్యపు గింజంత ఇంటూ గుర్తు. వద్దు అన్న మాట ఎక్కడా లేదు. నా నలభై మాటల్లోనూ లేదు. కాగితం అడుగున ఇంకో వరుస గీసి, నలభై ఒకటి అని అంకె వేసి, రాశాను: వద్దు. బాబాయి కలం తీసుకుని దాని చుట్టూ ఆకుపచ్చ బొత్తామంత పెద్ద గడి గీశాడు.